బతికున్న మాస్టారు గారికి ఆదరణ డిస్కు

ఆ వార్త నాకు మొదట మోసుకొచ్చింది రాహేలమ్మ. పేరు ముందే చెప్పేస్తున్నాను. ఇప్పుడు నేను చెప్పబోయే ఘోరంలో ఆమె పాలెంత, నా పాలెంత అన్నది మీరే తేల్చండి. ఇన్నేళ్ళుగా మా రెండు ఊళ్ళూ కూర్చుని తేల్చలేకపోయాయి. జరిగింది మాత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నేను ఒక నిండు మనిషిని చంపేశాను. కత్తి పట్టలేదు, విషం కలపలేదు. పన్నెండు పాటలు, ఒక ముందుమాట ఉన్న ఒక్క సీడీతో ఆ పని పూర్తయింది. అదీ ఆదివారం పొద్దున, మందిరం మైకులో, ఊరంతా వింటుండగా.

నవ్వాలనుకున్నవారు నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. చివరికొచ్చేసరికి నేను తలదించుకుంటానని ఎదురుచూసేవారు మాత్రం ఆశ వదులుకోండి.

నా పేరు సుగుణ. చాట్రాయి దాటాక తోటల మధ్య చిన్న పల్లె మాది. ఇంటికి నాలుగు వైపులా మామిడే. నాకేమో ఆయాసం. జనవరిలో పూత మొదలై ఆ గాలి తగిలిందంటే చాలు, నా ఛాతీ తిత్తి చినిగిన హార్మోనియంలా కూత పెట్టేది. మామిడి తోటలో పుట్టి మామిడి పూత పడకపోవడమంటే చేపకి నీళ్ళు పడకపోవడమే కదా. తోటివాళ్ళు బడిలో ఎక్కాలు నేర్చుకునే రోజుల్లో నేను తల మీద దుప్పటి కప్పుకుని, గిన్నె ముందు కూర్చుని ఆవిరి పట్టుకునేదాన్ని. అలా నేను బడికి వెళ్ళలేదు. బడే సైకిలెక్కి మా ఇంటికి వచ్చింది.

ఆ బడి పేరు దానియేలు మాస్టారు గారు. పక్క ఊరిలో పనిచేసి రిటైరైన మనిషి. గొడుగు ఎంత సన్నగా ఉంటుందో ఆయనా అంతే ఉండేవారు. వారానికి మూడు రోజులు వచ్చి నాకు అక్షరాలు, లెక్కలు, బైబిలు వాక్యం, కాస్త ఇంగ్లీషు నేర్పారు. పూత లేని నెలల్లో నాన్న నన్ను సైకిలు మీద వాళ్ళ తోటకి తీసుకెళ్ళేవాడు. అక్కడ బండి బాట పక్కనున్న పెద్ద రసం మామిడి చెట్టు కింద చాప వేసి చదువు చెప్పేవారు. నేనిప్పుడు రాస్తున్న ప్రతి అక్షరం ఆయన పెట్టిన భిక్షే. అందుకు దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. చిక్కల్లా ఆయనకే ఎప్పుడూ చెప్పకపోవడం.

చెప్పకపోగా ముఖం చాటేశాను. ఇరవై ఏళ్ళ వయసులో ఆయన నా చేత ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకి కట్టించారు. పరీక్ష రోజు నేను వెళ్ళలేదు. ఆయాసం వచ్చిందని చెప్పాను. నా కోసం ఆయన రెండు కొత్త పెన్నులు జేబులో పెట్టుకుని పరీక్ష కేంద్రం గేటు దగ్గర ఎండలో మధ్యాహ్నం దాకా నిలబడ్డారని తర్వాత తెలిసింది. అది తెలిశాక ఆయన ఎదుట పడలేకపోయాను. వారం అనుకున్నది నెలైంది, నెల అనుకున్నది రెండేళ్ళయింది. ఆయన కబురు పెడితే నేను వంట గదిలోకి పోయేదాన్ని. ఈ సంగతి గుర్తుంచుకోండి. మిగిలిన గొడవంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఇక సీడీల సంగతి. మా బాబాయి కొత్త కంప్యూటరు కొనుక్కుని పాతది నాకిచ్చాడు. దానికి సీడీ రైటరు ఉంది. నలుగురిలోకి వెళ్ళలేని దానికి ఇంతకంటే ఏం కావాలి? నేను వెళ్ళలేని పెళ్ళికి నా డిస్కు వెళ్ళేది. నేను పోలేని పుట్టినరోజుకి నా డిస్కు పోయేది. గృహప్రవేశం, కోత పండుగ, కానుపు, కాలు విరిగి మంచంలో ఉన్నవారికి ఓదార్పు, దేనికదే విడిగా. ఎవరికి ఏ పాట ఇష్టమో, ఎవరికి ఏ పాట వింటే దుఃఖం వస్తుందో నా దగ్గర నోటుబుక్కులో రాసి ఉండేది. అన్నిటికంటే ముందు నా గొంతుతో ఒక ముందుమాట. వారి వల్ల నాకు కలిగిన మేలు ఒకటైనా చెప్పి, వందనాలు చెప్పి, ఆ తర్వాతే పాటలు. పాత శుభలేఖలు కత్తిరించి కవర్లు చేసేదాన్ని. పైన మార్కరుతో పేరు రాసేదాన్ని. చెడిపోయిన డిస్కుల్ని అమ్మ దారం కట్టి జామచెట్టుకి వేలాడదీసేది, చిలకలు బెదిరి రాకుండా. మా ఇంట్లో ఏదీ వృథా పోయేది కాదు.

"ఏం కాలుస్తున్నావే పొద్దుటి నుంచీ? వాసన కూడా రావట్లేదు," అనేది అమ్మ. డిస్కు రాయడాన్ని ఇంగ్లీషులో కాల్చడం అంటారని నేనే ఆమెకి చెప్పాను. ఆ రోజు నుంచీ ఇంటికొచ్చిన వారందరితో "మా అమ్మాయి లోపల కాలుస్తోందండి" అని చెబుతుంటే కొందరు గబగబా బయటికి నడిచేవారు.

ఇప్పుడు రాహేలమ్మ దగ్గరికొద్దాం. ఆమె మాస్టారు గారి తోటలో కాయలు ఏరే మనిషి. మా ఊరిదే. మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం గాలివాన వచ్చింది. ఏదో గాలివాన కాదు, మా గొడ్లపాక రేకు లేచి వెళ్ళి ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియనంత గాలివాన. కరెంటు పోయింది, ఫోనూ పోయింది. రాలిన కాయల్ని పాడైపోకముందే అమ్ముకోవాలని నాన్న తెల్లారేసరికి ట్రాక్టరేసుకుని నూజివీడు వెళ్ళిపోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క సెల్లూ ఆయన జేబులోనే పోయింది. శనివారం పొద్దున ఎనిమిదింటికి రాహేలమ్మ మా గుమ్మంలో కూలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సుగుణమ్మా, మాస్టారు గారు పడిపోయారమ్మా."

నా చేతిలో చెంబు జారిపోయింది. "ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం, గాలివానలో. తోటలోనే."

"ఆ గాలిలో తోటలో ఎందుకున్నారు?"

"ఎక్కడికి పోతారమ్మా? ఎప్పుడూ ఉండేది అక్కడేగా."

"లేపలేదా ఎవరూ?"

"ఎవరి వల్ల అవుతుంది, అంత బరువు లేపడం? వానలోనే ఉండిపోయారు."

గొడుగంత సన్నటి మనిషికి అంత బరువెక్కడిదని మీకు తడుతోంది. నాకు తట్టలేదు. పోయాక మనిషి బరువెక్కుతాడని ఎక్కడో విన్నాను, దాంతో సరిపెట్టుకున్నాను.

"ఒంట్లో బాగానే ఉండేవారు కదా రాహేలమ్మా."

"పైకేం తెలుస్తుంది? పచ్చగానే నిలబడ్డారు. పడ్డాక చూస్తే లోపలంతా గుల్ల. ఎన్నాళ్ళ నుంచి తినేస్తోందో ఏమో. ఎవరికీ తెలియనివ్వలేదు."

కేన్సర్, అనుకున్నాను. ఎవరికీ చెప్పుకోకుండా లోపల దాచుకున్నారు, ఎంత పెద్ద మనసు అనుకున్నాను.

"మరి వాళ్ళ అబ్బాయి ప్రకాశం గారు?"

"హనుమాన్ జంక్షన్ వెళ్ళారు, మనుషుల్ని తేవడానికి. మధ్యాహ్నానికల్లా తీసేయాలంట. దారికి అడ్డమని ఒకటే విసుక్కుంటున్నారు."

"దారికి అడ్డమా?"

"అవునమ్మా. ఆయనకేం బాధ ఉంటుంది? మాలాంటి వాళ్ళకి గానీ. నలభై ఏళ్ళు నీడనిచ్చారు." అని రాహేలమ్మ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

లోపలి నుంచి అమ్మ వచ్చి విషయం విని, తనూ కూర్చుని ఏడ్చింది. ముగ్గురం కలిసి ఏడ్చాం. రాహేలమ్మ మా ఓదార్పుకి తెగ పొంగిపోయి, కాఫీ తాగి వెళ్ళింది. ఇందులో ఎవరైనా ఒక్క అబద్ధం చెప్పారా? లేదు. అదే నా వాదన.

పదింటికి కరెంటు వచ్చింది. నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. మాలో మనిషి పోతే ఆదరణ కూడిక అని పెట్టుకుంటాం. పోయినవారి మంచి చెప్పుకుని, ఉన్నవారికి ధైర్యం చెప్పే ప్రార్థన. ఆ కూడికకి నా డిస్కు వెళ్ళాలి. రెండేళ్ళుగా మింగేసిన మాటలన్నీ అందులో పెట్టాలి. ఇంకెక్కడ పెట్టను? వినాల్సిన మనిషి వెళ్ళిపోయారు. ఆ రోజు మధ్యాహ్నం నేను పడిన బాధ మాత్రం హాస్యం కాదు, అది అలా ఉంచండి.

నది దాటే పాటలు మూడు ఎంచాను. పరలోకపు గుమ్మం పాటలు నాలుగు. విశ్రాంతి పాటలు నాలుగు. ఎంత ఏడుస్తున్నా వరస తప్పలేదు. ఒక్క పాటకి ఇంకా చోటుంది. మాస్టారు గారు ఆదివారం బడి పిల్లలకి చప్పట్లు కొట్టించి, గెంతించి నేర్పే పాట ఒకటుంది, ఆయనకి అదంటే ప్రాణం. దాన్ని ముందుమాట వెనకే పెట్టాను. మైకు పట్టుకుని ముందుమాట చదివాను. డిస్కు మీద నల్ల మార్కరుతో రాశాను: "దానియేలు మాస్టారు గారి జ్ఞాపకార్ధం."

"ఇవాళే వెళ్దామా?" అంది అమ్మ.

"మధ్యాహ్నానికే తీసేస్తారంట కదే. ఇంకెవరున్నారని? రేపు ఆరాధనకే వెళ్దాం. అందరి ముందూ వినిపిద్దాం."

నిజం చెప్పాలంటే ఆ ఇంటి గడప తొక్కే ధైర్యం నాకు లేదు. ఆ శనివారమే గనక వెళ్ళి ఉంటే గుమ్మంలోనే ఆయన ఎదురయ్యేవారు, ఈ కథ అక్కడే ఆగిపోయేది. పిరికితనం వల్ల ఎంత పెద్ద పనులు జరుగుతాయో చూడండి.

ఆదివారం పొద్దున అమ్మ పెద్ద కారేజీ నిండా ఉప్మా చేసింది, చావింట్లో పొయ్యి వెలగదని. ఆటోలో మాస్టారు గారి ఊరు వెళ్ళాం. వాళ్ళ ఇల్లు మందిరానికి వెనకే. అటు చూడకుండా నేరుగా మందిరంలోకి నడిచాను. పాస్టరు గారికి రెండు ఊళ్ళలో సంఘాలు, ఇంకో ఊళ్ళో ముగించుకుని ఇక్కడికి ఆలస్యంగా వస్తారు. అప్పటిదాకా మైకు దగ్గర సంఘపెద్ద జాను గారు ఉంటారు. ఎనభై దాటిన మనిషి. వినికిడి తక్కువ, అందుకే మైకు సౌండు ఎప్పుడూ ఎక్కువ. మందిరం పైన రెండు హారన్లు, ఒకటి ఊరి వైపు, ఒకటి తోటల వైపు.

"ఏమ్మా సుగుణా, చాన్నాళ్ళకి. డిస్కు తెచ్చావా?"

"తెచ్చానండి. మాస్టారు గారిది."

"మాస్టారు గారిదా. మంచిది. ఆయనకి చెప్పావా?"

నేను కళ్ళు తుడుచుకున్నాను. "ఇంకెక్కడ చెప్పేదండి."

"ఆఁ, పర్లేదులే. కలిసినప్పుడు నేను చెబుతాను."

జాను గారి తెల్లటి జుట్టు చూశాను. ఆయన వయసుకి త్వరలోనే కలుస్తారేమోలే అనుకుని ఊరుకున్నాను.

ఆయన డిస్కు పెట్టి మీట నొక్కారు. నేను వెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప మీద అమ్మ పక్కన కూర్చున్నాను. నా గొంతు రెండు హారన్లలోంచి రెండు దిక్కులకీ బయల్దేరింది.

"అందరికీ వందనాలు. మొన్న గాలివానలో మన మధ్య నుంచి ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయిన మన దానియేలు మాస్టారు గారి జ్ఞాపకార్థం ఈ పాటలు."

నా ముందు కూర్చున్నావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో తండ్రీ. ఇందాకేగా పాలు పోసి వచ్చాను. నవ్వుతూ పోయించుకున్నారే."

పక్కావిడ ఆమెని మందలించింది. "మొన్న పోయారంటుంటే ఇందాక పాలు పోశానంటావేంటి?"

"ఏమోనమ్మా. నాకే ఒంట్లో బాగోలేదేమో."

చూశారా? కళ్ళారా చూసిన మనిషి కూడా తన కళ్ళని కాదని మైకునే నమ్మింది. నేను రాహేలమ్మని నమ్మితే తప్పా?

హారన్లు ఆగలేదు. "ఆయన అందరినీ ప్రేమించారు. నీడ కోరి వచ్చిన ఎవరినీ పొమ్మనలేదు. అలాంటి తండ్రిని దారికి అడ్డమనుకునే పిల్లలకి దేవుడు మంచి మనసు ఇవ్వాలి." మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. మూడో వరసలో మాస్టారు గారి అబ్బాయి ప్రకాశం గారు తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నారు. పాపం, ఆయన తల నిదానంగా నా వైపు తిరిగింది.

"మాస్టారు గారికి శ్రుతి ఏనాడూ కుదరలేదు. హార్మోనియం ఒక బాటన, ఆయన ఒక బాటన వెళ్ళేవారు. అయినా అంత నమ్మకంగా పాడే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఇప్పుడు దేవదూతలే ఆయనకి శ్రుతి నేర్పుతారు."

ఆ తర్వాత అసలుది వచ్చింది. "రెండేళ్ళ క్రితం పరీక్ష రోజున నాకు ఆయాసం రాలేదు. భయం వేసింది. అబద్ధం చెప్పాను. ఆయన నా కోసం రెండు పెన్నులు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. క్షమించమని అడగడానికి రెండేళ్ళు నాకు ధైర్యం చాలలేదు. మాస్టారు గారూ, నాకు అక్షరం పెట్టింది మీరు. వందనాలు."

అమ్మ మోచేయి నా డొక్కలో దిగింది. "ఆయాసం రాలేదా?" అంది పళ్ళ మధ్య నుంచి. ఆ రోజు పాపం ఆమె మూడు గంటల సేపు నాకు ఆవిరి పట్టించింది.

వెంటనే చప్పట్ల పాట మొదలైంది. ముందు వరసలోని ఆదివారం బడి పిల్లలు అలవాటు కొద్దీ లేచి నిలబడి గెంతడం మొదలుపెట్టారు. వెనక ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, ముందు పిల్లలు గెంతుతున్నారు, జాను గారు రెండిటికీ తల ఊపుతున్నారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో మాస్టారు గారు కనబడ్డారు.

ఒక చెంప నున్నగా, ఒక చెంప నిండా సబ్బు నురగ. భుజాన తువ్వాలు. చేతిలో గెడ్డం గీసుకునే బ్రష్షు. ఆయన వెనక సగం ఊరు.

ఎవరో ముసలావిడ "స్తోత్రం" అని మోకాళ్ళ మీద పడింది. పునరుత్థానం ఆ ఊళ్ళోనే మొదలైందనుకుంది కాబోలు. పిల్లలు మాత్రం గెంతడం ఆపలేదు. మాస్టారు గారు వాళ్ళకి చేత్తో తాళం చూపిస్తూనే ముందుకి నడిచి, జాను గారి దగ్గర మీట నొక్కి పాట ఆపారు.

"ఎవరు చేశారిది?"

నేను లేచి నిలబడ్డాను.

ఆయన బ్రష్షు నా వైపు చూపించారు. "నేను పోయానన్నావు. సరే, పోయేవాణ్ణే. ఇవాళ కాకపోతే ఇంకో రోజు. అందుకు నాకేం కోపం లేదు. ఆ శ్రుతి మాటేంటి?"

అప్పుడు నేనేం అనాలి? పొరపాటైందండి అనాలి. తల వంచుకోవాలి. నాకేమైందో తెలియదు, రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి ఉన్నాను. పైగా ఆ మనిషి బతికుండటం చూసి సంతోషంతో ఒళ్ళు తెలియడం లేదు.

"కుదరదండి మాస్టారు గారూ," అన్నాను. "బతికున్నా కుదరదు."

మందిరమంతా గతుక్కుమంది. మాస్టారు గారి ముఖం మీద నురగ కదిలింది. నవ్వారు. గోడకి చెయ్యి ఆనించి, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వారు.

ప్రకాశం గారు లేచారు. ఆయన నవ్వడం లేదు. "అది సరే అమ్మా. నేను నాన్నని దారికి అడ్డమన్నానని ఎవరు చెప్పారు నీకు?"

"మీ తోటలో పనిచేసే రాహేలమ్మే చెప్పిందండి. మాస్టారు గారు పడిపోయారు, లోపలంతా గుల్ల, మధ్యాహ్నానికి తీసేస్తారని."

"అది చెట్టమ్మా."

"ఏ చెట్టండి?"

"బండి బాట పక్కన పెద్ద రసం చెట్టు. నాన్న దాని కింద చదువు చెప్పేవారని కూలీలంతా దాన్ని మాస్టారు గారంటారు. అది బాటకి అడ్డంగా పడితే కోసే మిషను వాళ్ళని తీసుకొచ్చాను."

అదండీ సంగతి. మా వైపు మర్యాద మీరెరగనిది కాదు. కోడిని అదిలించినా చివర అండీ తగిలించే మనుషులం. కూర్చున్నవారికల్లా నీడనిచ్చి, ఏటేటా గంపలకొద్దీ కాసే చెట్టుకి గారు పెట్టకుండా ఉంటామా? మాస్టారు గారు ఈ ఏడు బాగా కాశారు, మాస్టారు గారి దగ్గర అన్నాలు తిందాం, అంటూ కూలీలంతా ఏళ్ళ తరబడి అనుకునేవారట. ఆ చెట్టు కిందే ఎక్కాలు వల్లించిన నాకు ఆ పేరు తెలియదు. కోతల రోజుల్లో నేనెప్పుడూ అక్కడ లేను. నాకు మాస్టారు గారంటే ఒక్కరే.

అందరి చూపూ వెనక వరసకి తిరిగింది. ఆదివారాలు ఈ మందిరానికే వచ్చే రాహేలమ్మ అక్కడే ఉంది. ఆమె బెదరలేదు.

"నేను మాస్టారు గారనే అన్నాను. మనిషి పోయాడన్నానా?"

"మరి ఆ ఏడుపేంటి రాహేలమ్మా?"

"నలభై ఏళ్ళు ఆయన నీడన అన్నం తిన్నానమ్మా. నా పిల్లల్ని ఆ కొమ్మకే ఉయ్యాలేసి ఊపాను. ఏడవకూడదా?"

మాస్టారు గారే మెల్లగా అన్నారు. "ఏడ్వచ్చు రాహేలూ. నేనూ ఏడ్చాను."

ఆ తర్వాత ఆయన జాను గారి దగ్గర డిస్కు తీయించి పైన రాసింది చదివారు. కనుబొమలు ముడిచారు.

"సుగుణా, ఇదేంటి?"

"తప్పేనండి. మీరు పోయారనుకుని..."

"పోవడం సంగతి కాదు. జ్ఞాపకార్థంలో ఒత్తు థ రాయాలి. ఒత్తు ధ రాశావు. ఎన్నిసార్లు చెప్పాను?"

తన చావు కబురులో అక్షర దోషం వెతికిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆయనే నాకు చదువు చెప్పారు.

ఆలస్యంగా వచ్చిన పాస్టరు గారికి గేటు దగ్గరే ఎవరో వార్త చెప్పారట. ఆయన గబగబా ప్రసంగం మార్చుకుని, ముఖం గంభీరంగా పెట్టుకుని లోపలికొచ్చారు. మొదటి వరసలో ఒక చెంప సబ్బుతో కూర్చున్న మాస్టారు గారిని చూసి, కాసేపు బైబిలు పేజీలు అటూ ఇటూ తిప్పి, మళ్ళీ పాత ప్రసంగానికే వెళ్ళిపోయారు.

ఆరాధనయ్యాక అమ్మ కారేజీ వెనక్కి తీసుకెళ్ళబోతుంటే మాస్టారు గారు ఆపారు.

"ఏంటమ్మా అది?"

"ఏం లేదండి, ఉప్మా. చావింటికని చేశాను," అని అమ్మ నాలుక కరుచుకుంది.

"అయితే నాదేగా. ఇలా ఇవ్వు."

వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఆయన తన ఆదరణ ఉప్మా తానే తిన్నారు. రెండోసారి కూడా పెట్టించుకున్నారు. చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళి, రెండు పెన్నులు తెచ్చి నా ముందు పెట్టారు. అవే పెన్నులు. క్యాపు కూడా తీయలేదు.

"సిరా ఎండిపోయిందేమో చూడు," అన్నారు.

"మాస్టారు గారూ, మళ్ళీ పరీక్షా?"

"భయం వేసిందని నువ్వే చెప్పావు, రెండు హారన్లలో. తోటల్లో కాయలు కూడా విన్నాయి. ఇక ఆయాసం పేరు చెబితే ఎవరు నమ్ముతారు?"

నిజమే. నా అబద్ధాన్ని నేనే ఊరంతా చాటుకున్నాను, దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు. పూత లేని కాలంలో జరిగే పరీక్ష ఒకటి ఆయనే వెతికి పెట్టారు. వెళ్ళాను. రాశాను. గేటు దగ్గర ఆయన గొడుగేసుకుని నిలబడ్డారు. పాసయ్యాను. లెక్కల్లో ఎన్ని వచ్చాయన్నది మీకు అనవసరం.

ఇదీ నా ఘనకార్యం. ఆ రోజు నుంచీ రెండు ఊళ్ళలోనూ నా పేరు ఆదరణ సుగుణ. ఎవరికైనా రెండు రోజులు జ్వరం వస్తే చాలు, "సుగుణకి చెప్పకండి, డిస్కు చేసేస్తుంది" అని నవ్వుకుంటారు. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో ఈ కథ నా ఎదుటే చెబుతారు. చెప్పిన ప్రతిసారీ ఒక కొత్త ముక్క చేరుతుంది. ఈమధ్య చెప్పినప్పుడు మాస్టారు గారు పాడె మీద లేచి కూర్చున్నారు.

సిగ్గుపడమంటారా? పడను. తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను. విచారించమంటే మాత్రం నా వల్ల కాదు. మీరే చెప్పండి, పోయినవారికి మనం చెప్పే వందనాలకి ఎవరికైనా జవాబు వచ్చిందా? నాకొచ్చింది. శ్రుతి సంగతి, ఒత్తు థ సంగతి, రెండు పెన్నులు, అన్నీ కలిపి వచ్చింది. చెప్పాల్సిన మాట పోయాక చెప్పుకుని కుమిలిపోయేవాళ్ళే లోకమంతా ఉంటే, దేవుడు నా ఒక్కదానికి రాహేలమ్మని పంపి, ఆ మాట ముందే చెప్పించాడు. పొరపాటున చెప్పానా, తెలిసి చెప్పానా అన్నది ఆయన చూసుకుంటాడు. నేను స్తోత్రం చెప్పుకుంటాను.

ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తాను. "ఇప్పుడు సీడీలు ఎవరు వింటారు అక్కా, ఫోన్లో పంపెయ్యి" అని మా వాళ్ళందరూ అంటారు. కొత్త కంప్యూటర్లకి డిస్కు పెట్టే చోటే లేదు. నేను విడిగా తగిలించే రైటరు తెప్పించుకున్నాను. ఇప్పటికీ కాలుస్తున్నాను. ఫోన్లో పంపిన పాట మీద పేరు ఎక్కడ రాయను? వందనాలు ఏ కవర్లో పెట్టను? వినడానికి యంత్రం లేదన్నవారు నా డిస్కుని జామచెట్టుకి కట్టుకోండి. చిలకలైనా చదువుకుంటాయి.

మాస్టారు గారి దగ్గర మాత్రం యంత్రం ఉంది. ప్రతి పుట్టినరోజుకీ ఆ ఆదరణ డిస్కు పెట్టించుకుని మొదటి నుంచి చివరిదాకా వింటారు. శ్రుతి అన్న చోట ప్రతిసారీ "అబద్ధం" అంటారు. డిస్కు మీద నా నల్ల మార్కరు రాత అలాగే ఉంది. దాని కింద ఎర్ర సిరాతో ఆయన రాత: "తప్పు. సరిదిద్దుకుని మళ్ళీ రాయి."

అందుకని ఈ కాగితం సాక్షిగా, మా జామచెట్టు మీద వేలాడే డిస్కులన్నిటి సాక్షిగా, ఎడమ చెయ్యి నోటుబుక్కు మీద, కుడి చెయ్యి రైటరు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో ఎవరైనా పడిపోయారన్న వార్త వస్తే, చెంబు జారవిడవడానికి ముందే, మొదటి కన్నీటి చుక్క రాలకముందే, "మనిషా, మానా?" అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఒక్క డిస్కు కూడా కాల్చను. ఒత్తు థ కూడా చూసుకుని రాస్తాను.

మీకు ఒక మనవి. దానియేలు మాస్టారు గారికి ఇప్పుడు తొంభై దాటాయి. ఆ బండి బాట పక్కనే, మొద్దు ఉన్న చోట కుర్చీ వేయించుకుని కూర్చుంటున్నారు. శ్రుతి లేకుండా పాడుకుంటున్నారు. మీ ప్రార్థనలో ఆయన్ని జ్ఞాపకం చేసుకోండి. ఇవాళే చేసుకోండి, ఆయన పోయేదాకా ఆగకండి.